లేత బూడిద రంగా? ముదురు బూడిద రంగా?

మోపిదేవి నుండి ఒక సోదరి ఇలా అడిగారు: “రమజాన్‌కు ముందే ఇంటికి రంగులు వేయించాలనుకుంటున్నాం. గల్ఫ్‌లో ఉన్న మా అబ్బాయి ముదురు బూడిద రంగు గదుల ఫోటోలు పంపి, అన్ని గదులకూ అదే వేయించమంటున్నాడు. మా అత్తగారు మాత్రం ‘గోడలన్నీ నల్లబడితే నాకు ఖుర్ఆన్ అక్షరాలు ఎలా కనిపిస్తాయమ్మా?’ అంటున్నారు. ఆమె గదికి ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. ఎవరి మాట వినాలి?”

సోదరీ! మీ అత్తగారిది పట్టుదల కాదు, కళ్ల అవసరం. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది. లోపలి కటకం పసుపుబారుతుంది. 20 ఏళ్ల వారి కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతు మాత్రమే 60 ఏళ్ల వారికి చేరుతుంది.

గోడలు తమపై పడిన వెలుతురును తిరిగి గదిలోకి పంపుతాయి. పూర్తి నలుపును 0గా, పూర్తి తెలుపును 100గా లెక్కిస్తే లేత బూడిద రంగు 60కి అటూ ఇటూగా ఉంటుంది. బాగా ముదిరినది 10, 15 దగ్గరే ఆగిపోతుంది. అనేక కంపెనీలు ప్రతి రంగుకూ ఈ సంఖ్యను ఇస్తాయి. దుకాణంలో అడిగి తెలుసుకోండి.

బూడిద రంగులన్నీ ఒకటి కావు. కొన్నింటిలో నీలి ఛాయ, కొన్నింటిలో గోధుమ ఛాయ కలిసి ఉంటుంది. ఉత్తరపు కిటికీ నుండి వచ్చే వెలుతురే కొంత నీలంగా ఉంటుంది కనుక, ఆ గదికి గోధుమ ఛాయ గల లేత బూడిద రంగు మేలు. పైకప్పును తెల్లగానే ఉంచండి.

కృష్ణా పాయల నడుమ, సముద్రానికి చేరువగా ఉన్న మన దివిసీమలో గోడలకు చెమ్మ పట్టడం కొత్త కాదు. చెమ్మతోపాటు పైకి వచ్చే తెల్లని ఉప్పు పొడి ముదురు గోడపై కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగు వేయించే ముందు గోడకు ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి, ఒక రోజు తర్వాత తీసి చూడండి. గోడవైపు తడి కనిపిస్తే ముందు చెమ్మకు మరమ్మతు చేయించాలి. ఆ తర్వాతే రంగు.

అలాగని అబ్బాయి ముచ్చటను కాదనవలసిన పనిలేదు. హాలులో కిటికీకి ఎదురుగా ఉన్న ఒక్క గోడకు ముదురు రంగు వేయించండి. వెలుతురు నేరుగా పడి అది అందంగా ఉంటుంది. కిటికీ ఉన్న గోడకే వేస్తే బయటి వెలుగు కళ్లను మరింత ఇబ్బంది పెడుతుంది. అత్తగారి గదిలోనూ ముదురు రంగుకు ఒక చోటు ఉంది. అది తలుపు చట్రం, గడప అంచు. లేత గోడ పక్కన ముదురు అంచు స్పష్టంగా కనిపిస్తే రాత్రివేళ వృద్ధులు తడబడరు.

చివరిగా, షేడ్ కార్డును మాత్రమే చూసి నిర్ణయించవద్దు. రెండడుగుల అట్టపై రెండు పూతలు వేయించి, ఆరిన తర్వాత ఆ గది గోడకు ఆనించి ఉంచండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపం వెలుగులో చూడండి. ఫజ్ర్ నమాజు తర్వాత అత్తగారిని ఆ అట్ట పక్కన కూర్చోబెట్టి అడగండి. ఆమె ఏ రంగు కోరారో అబ్బాయికి ఫోన్ చేసి చెప్పండి. దాదీమా కళ్ల కోసమని తెలిస్తే అతడు కాదనడు.