కాళ్ళు నిలవనిది జబ్బు వల్లా, మందు వల్లా?

ఉయ్యూరు దగ్గర ఒక పల్లె నుంచి ఓ తల్లి ఉత్తరం రాసింది. పేరు వెయ్యవద్దంది. ఆమె కొడుక్కి 22 ఏళ్ళు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనీ, పక్కింటివాళ్ళు తనకు విషం పెట్టాలని చూస్తున్నారనీ తిండి మానేసి గదిలో కూర్చుంటే, విజయవాడ తీసుకొచ్చి మానసిక వైద్యుడికి చూపించారు. బిళ్ళలు మొదలుపెట్టాక చెవిలో మాటలు తగ్గాయి. నిద్ర పట్టింది. సంతోషించారు. కాని పది రోజులు తిరిగేసరికి కుర్రాడు కూర్చోలేడు, పడుకోలేడు. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతాడు. “పిచ్చి ముదిరింది, ఈ మందు పడలేదు, ఆపెయ్యండి” అని బంధువులు. “డోసు పెంచితే సరి” అని మందుల షాపాయన. ఏం చెయ్యమంటారని ఆమె ప్రశ్న.

అమ్మా, ఆ రెండూ వద్దు.

ఈ ఉత్తరం చదవగానే నాకొక మనిషి గుర్తొచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, ఇలాగే తిరుగుతున్న కుర్రాడిని తీసుకొచ్చారు. హాలోపెరిడాల్ వాడుతున్నాడు. జబ్బు పెరిగిందనుకుని నేను డోసు పెంచాను. మూడో రోజు పొద్దున్నే వెళ్ళి కాలువలో దూకాడు. రేవులో బట్టలుతికేవాళ్ళు చూసి లాగారు కాబట్టి బతికాడు. తర్వాత అడిగితే, “చావాలని కాదండీ, ఈ కాళ్ళలో పీకుడు ఆగితే చాలనిపించింది” అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ తప్పు నాదే. రోగిని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

ఈ బాధను అకథీసియా అంటారు. ఇది జబ్బు లక్షణం కాదు, మందు తెచ్చిన బాధ. మందు మొదలుపెట్టిన రోజుల్లోనో, డోసు పెంచాకనో వస్తుంది. చూసేవాళ్ళకు అచ్చం పిచ్చి ముదిరినట్టే ఉంటుంది. తేడా కనిపెట్టాలంటే రోగినే అడగాలి: “నాయనా, ఎందుకు తిరుగుతున్నావు?” ఎవరో తరుముతున్నారంటే అది జబ్బు కావచ్చు. “ఎందుకో తెలీదు, కాళ్ళు నిలవనివ్వడం లేదు, లోపల ఒకటే గాభరా” అంటే ముందుగా మందును అనుమానించాలి. డాక్టరు డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, ఉబ్బసం లేనివారికి ప్రొప్రనొలాల్ వంటిది ఇవ్వవచ్చు. చాలామందికి తగ్గిపోతుంది. పెంచితే మాత్రం నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టే.

ఎందుకిలా జరుగుతుంది? 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌ను మానసిక రోగులకు వాడి ఈ వైద్యానికి దారి తీశారు. ఈ జాతి మందులు చాలావరకు మెదడులో డోపమిన్ అనే పదార్థం జోరును అణుస్తాయి. చెవిలో మాటలు, లేనిపోని అనుమానాలు తగ్గేది అందువల్లే. కాని చేతులూ కాళ్ళూ సాఫీగా కదలడానికీ ఆ డోపమినే కావాలి. అందుకే కొందరికి ఒళ్ళు బిగుసుకోవడం, చేతులు వణకడం, చొంగ కారడం. కొందరు కుర్రవాళ్ళకు మొదటి రెండు మూడు రోజుల్లోనే మెడ ఒక పక్కకు మెలిపడి, కళ్ళు పైకి నిలిచిపోతాయి. ఇంటిల్లిపాదీ హడలిపోయి, గాలి సోకిందనో ధనుర్వాతమనో పరుగెడతారు. ఆసుపత్రిలో ఫెనర్గాన్ ఇంజెక్షను చేస్తే కొద్ది నిమిషాల్లోనే మెడ తిన్నగా వస్తుంది. (వాంతులకు వాడే పెరినార్మ్, స్టెమెటిల్ వల్ల కూడా ఇలా రావచ్చు. మానసిక రోగులకే వస్తుందని అనుకోకండి.)

ఇక మన బెజవాడ ఎండల సంగతి. ఇది ప్రత్యేకంగా చెప్పాలి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఈ మందులు శరీరం తన వేడిని తాను అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తాయి. వణుకు తగ్గడానికిచ్చే పాసిటేన్ చెమటను కూడా తగ్గిస్తుంది. క్లోర్‌ప్రోమజైన్ వాడేవారికి ఎండకు చర్మం కమిలిపోతుంది. కాబట్టి రోహిణి కార్తెలో వీరిని మధ్యాహ్నం పొలానికీ, బస్టాండుకూ పంపకండి. మంచినీళ్ళు, మజ్జిగ అడిగి మరీ తాగించండి. ఈ మందులు వాడే మనిషికి తీవ్రమైన జ్వరం వచ్చి, ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయి, మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు, మందు వల్ల అరుదుగా వచ్చే ప్రాణాంతకమైన పరిస్థితీ కావచ్చు. ఏదన్నది ఇంట్లో తేల్చుకోవద్దు. మిగతా బాధలకు మందు ఆపవద్దంటాను. దీనికి మాత్రం తర్వాతి బిళ్ళ వెయ్యకుండా, బిళ్ళల అట్ట చేత్తో పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పైకి కనబడని బాధలు కొన్ని ఉన్నాయి. ఒలాంజపిన్ వల్ల ఆకలి విపరీతంగా పెరుగుతుంది. మూడు పూటలా వరి అన్నం తినే మన డెల్టాలో ఆర్నెల్లలో పది కిలోలు పెరిగినవారిని చూశాను. నెలకోసారి బరువు, అప్పుడప్పుడు సుగరు చూపించుకోవాలి. రిస్పెరిడోన్ వల్ల ఆడవారికి నెలసరి ఆగిపోవచ్చు, పాలు పడవచ్చు. పెళ్ళికాని పిల్లయితే ఆ ఇంట్లో ఎంత గొడవవుతుందో వేరే చెప్పాలా? రక్తంలో ప్రొలాక్టిన్ పరీక్ష చేస్తే సంగతి తెలుస్తుంది. మగవారికి దాంపత్య సుఖంలో లోపం రావచ్చు. వారు ఎవరితోనూ చెప్పరు, గుట్టుగా బిళ్ళలు మానేస్తారు. మందు పనిచెయ్యడం లేదని నా దగ్గరకొచ్చిన కేసుల్లో మందు అసలు లోపలికి వెళ్ళనివి తక్కువేమీ కాదు.

అందుకే గుణం కనిపించనప్పుడు ముందు బిళ్ళలు లెక్కపెట్టండి. నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడా? మీరు పప్పులో కలిపి పెడితే సగం పళ్ళెంలోనే మిగిలిపోతోందా? (అలా కలపడం నాకిష్టం లేదు. బయటపడ్డ రోజు నుంచి ఆ ఇంటి అన్నమే ముట్టడు. విషం పెడుతున్నారన్న అనుమానం నిజమైనట్టు అవుతుంది.) రోజూ మింగడం కష్టమైతే రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. గంజాయి, సారా నడుస్తుంటే ఏ మందూ సరిగా నిలబడదు. తగిన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడకుండా ఒక మందు పనికిరాదని తీర్పు చెప్పకూడదు. వారానికో డాక్టరును మార్చేవారికి నాలుగు చీటీలు మిగులుతాయి తప్ప గుణం కనబడదు.

ఇవన్నీ సరిచూశాక, రెండు వేర్వేరు మందులు సక్రమంగా వాడినా గుణం రానివారికి క్లోజపిన్ ఉంది. 1975లో ఫిన్లాండులో ఇది వాడినవారిలో కొందరికి తెల్లకణాలు పడిపోయి చనిపోవడంతో చాలాచోట్ల మూలపడింది. 1988లో అమెరికాలో మొండికేసిన కేసుల్లో పరీక్షించి చూస్తే నూటికి 30 మందికి మేలు చేసింది. పాత క్లోర్‌ప్రోమజైన్ నూటికి నలుగురికే చేసింది. అప్పటి నుంచి మళ్ళీ లేచింది. షరతు ఒకటే, రక్తపరీక్ష. మొదటి 18 వారాలు వారం వారం, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో చేయించాలి. గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ రోజే చేయించాలి. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు, ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలున్నాయి. ఇంకో తమాషా వినండి. చుట్ట, బీడీ పొగ క్లోజపిన్‌ను ఒంట్లో త్వరగా ఖర్చు చేసేస్తుంది. చుట్టలు కాల్చే మనిషి ఆసుపత్రిలో చేరి చుట్ట మానగానే అదే డోసు ఎక్కువై మత్తులో పడిపోవచ్చు. కాబట్టి చుట్ట మానినా, మళ్ళీ మొదలుపెట్టినా డాక్టరుతో చెప్పండి. నమిలే పొగాకుతో ఈ పేచీ లేదు, దాని పేచీలు వేరు.

ఉత్తరం రాసిన అమ్మకు మళ్ళీ చెబుతున్నాను. బిళ్ళలు ఆపకండి, మీ అంతట మీరు పెంచకండి. ఒక కాగితం మీద బిళ్ళ ఏ తారీఖున మొదలైంది, తిరగడం ఏ తారీఖున మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు అన్న మూడు సంగతులూ రాయండి. రేపే అబ్బాయిని తీసుకుని ఆ డాక్టరు దగ్గరకే వెళ్ళి ఆ కాగితం చూపించండి. “కాళ్ళు నిలవడం లేదు” అన్న మాట మీరు కాదు, అబ్బాయి నోటితోనే చెప్పించండి. ఆ డాక్టరు ఊళ్ళో లేకపోతే గవర్నమెంటు ఆసుపత్రి మానసిక విభాగానికి రండి. ఈలోగా రాత్రిపూట ఒంటరిగా వదలకండి, కాలువ వైపు అసలే పోనివ్వకండి. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కు ఫోను చెయ్యండి. 2022లో మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ అది. తెలుగులోనే మాట్లాడతారు.