సైకిలును గూర్చి నాలుగు మాటలు

ఆంగ్లభాషను పదియేండ్లు చదివియు పది వాక్యములు నోట పలుకలేని విద్యార్థి మన ప్రాంతమున అరుదు కాడు. వ్రాతపరీక్షలో వ్యాసమును చక్కగ వ్రాసి మంచి మార్కులు గొన్నవాడే, ఎదుట నొకరు కూర్చుండి "నీకు సైకిలు కలదా?" యని ఆంగ్లమున నడిగినచో నేలచూపులు చూచును. ఇది బుద్ధిలోపమువలన గలిగిన దోషము కాదనియు, మనము నేర్పు పద్ధతివలన గలిగినదనియు నా యభిప్రాయము.

విద్యకై విదేశములకు పోగోరు యువకులును, నర్సు పనికై పోగోరు యువతులును పెక్కుమంది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను పరీక్షకు కూర్చుండుచున్నారు. 1989లో ఆ పేర వెలసిన యీ పరీక్షలో సంభాషణభాగము 11 మొదలు 14 నిమిషములవఱకు జరుగును. మొదట ఇల్లు, ఊరు, అలవాట్లు మొదలగు పరిచిత విషయములపై ప్రశ్నలు వేయుదురు. పిమ్మట నొక చీటి నిచ్చి, 1 నిమిషము ఆలోచించుకొననిచ్చి, 1 లేక 2 నిమిషములు మాటాడుమందురు. తుదకు ఆ విషయమునే విస్తరించి చర్చింతురు. సైకిలు ఇట్టి సామాన్య విషయములలో నొకటి. చిన్నతనమున తొక్కితివా, ఎవరు నేర్పిరి, మీ యూర సైకిళ్లు తగ్గుచున్నవా, అని యడుగవచ్చును. మాటల ధార, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణము అను నాలుగింటికిని సమానముగ విలువ గట్టుదురు. సైకిలును గూర్చిన జ్ఞానమునకు గాని, అభిప్రాయపు మంచిచెడ్డలకు గాని మార్కులు లేవు. దొరలవలె పలుకవలెనన్న నియమమును లేదు. వినువారికి తేటగ తెలిసిన జాలును.

ఇట్టి పరీక్షకు మనవారు చేయు సాధన యేమి? ఎవరో కూర్చిన యుత్తరములను కంఠస్థము చేయుట. సైకిలు గాలిని చెఱుపదు, ఆరోగ్యము నిచ్చును, ధనమును మిగుల్చును అను మూడు ముక్కలు అందఱి నోటను ఒకే వరుసను వెలువడును. పరీక్షకులు ఇట్టి వల్లెవేసిన పాఠమును ఇట్టే గుర్తింపగలరు. ప్రశ్న కొంచెము పక్కకు తిరిగెనా, చిలుకపలుకు అక్కడనే యాగిపోవును.

"ఇంట ఆంగ్లము వినబడని బీదపిల్లలకు కంఠస్థమే ఊతకఱ్ఱ గదా!" యని కొందఱు ఉపాధ్యాయ మిత్రు లందురు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. పదములను, చిన్న వాక్యములను నోటికి పట్టించుట అవసరమే. కాని పదములను నేర్చుట విత్తనములను దాచుకొనుట వంటిది. ఉత్తరములను నేర్చుట పరుల పంటను తన కళ్లమున పోసికొనుట వంటిది. మొదటిది మఱునాటికి మొలకెత్తును. రెండవది యొకనాటి ముచ్చట.

చెప్పుటకు మనకు విషయము కొఱవడినదా? రామచంద్రపురపు వీథిలో నొక గడియ నిలిచి చూడుడు. కొబ్బరిగెలలను ఇరుప్రక్కల వ్రేలగట్టి తొక్కుకొనిపోవువాడు, పాలక్యానులవాడు, బట్టలమూట కట్టుకొని యూరూర తిరుగువాడు, కాలువగట్టు వెంబడి బడికి పోవు బాలికలు, అందఱును సైకిలుమీదివారే. కోటిపల్లి రేవున సైకిలును పంటుపై నెక్కించి గోదావరి దాటి ముక్తేశ్వరము చేరుట మనవారు చూడని వింత కాదు. సీటు అందని పిల్లవాడు నడిమి గొట్టము క్రిందుగ కాలు దూర్చి తొక్కుటను ఎఱుగనివా రెవరు? పరదేశపు పరీక్షకునకు ఈ మాటలు క్రొత్తవి, పలుకువానికి స్వానుభవములు. స్వానుభవమును చెప్పువానికి మాటలు తడువుకొనవలసిన పని తక్కువ.

ఇక భాషాదోషములు. తెలుగున "సైకిలు నేర్చుకొంటిని" అన్న జాలును. ఆంగ్లమున "లర్న్‌డ్ టు రైడ్ ఎ బైసికిల్" అనవలెను. మనము సైకిలును తొక్కుదుము. వారు గుఱ్ఱమునువలెనే దానిని "రైడ్" చేయుదురు. "ఐ యామ్ హ్యావింగ్ ఎ సైకిల్" అనక "ఐ హ్యావ్ ఎ బైసికిల్" అనవలెను. "బై బైసికిల్" అనునపుడు నడుమ "ఎ" రాదు. "ఆన్ మై బైసికిల్" అనునపుడు "మై" విడువరాదు. పూర్వపు టలవాటును జెప్పునపుడు "యూజ్‌డ్ టు రైడ్" అనుట సొంపు. ఉచ్చారణమున నొక చిత్రము గలదు. మోటారుసైకిల్‌లో "సై"గా నిలిచినది బైసికిల్‌లో "సి"గా మాఱును. ఊనిక మొదటి "బై"పై బడును. "బైసైకిల్" అనుట మనలో మెండు. ఇట్టి పది దోషములను దిద్దుకొన్నచో నూఱు వాక్యములు చక్కబడును.

ఉత్తరమునకు క్రమ మొకటి చాలును: ముందు సూటియైన జవాబు, తరువాత కారణము, ఆపై నొక చిన్న యుదాహరణము. "ఔను, పదియవయేట నేర్చితిని. బడి మూడుమైళ్ల దూరము. మా యన్న వెనుక పట్టుకొని పరుగెత్తెను. అతడు చేయి విడిచినది నే నెఱుగనైతిని." ఈ నాలుగు వాక్యములను ముందు తెలుగున తలచి, పిదప తెలిసిన చిన్న మాటలతో ఆంగ్లమున బలికినచో, అది యే యరువు వ్యాసముకంటెను మేలు.

భాష నోట పుట్టి నోట పెరుగునది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను పుస్తకముల జూచి నేర్వలేదు. సవరల నోట విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును వెలయించిరి. ఉపాధ్యాయులమగు మన మా మార్గమును మఱువరాదు.

కావున నా మనవి యిది. ప్రతి తరగతిలోను దినమున కైదు నిమిషములు ఇద్దఱేసి విద్యార్థులు ఒకరినొకరు ప్రశ్నించుకొనవలెను. పలుకువాడు ముగించువఱకు గురువు దిద్దరాదు, తోడివారు నవ్వరాదు. వ్యాకరణ దోషముకంటె ఈ నవ్వే యెక్కువమంది నోళ్లను మూసినది. ధనికుని బిడ్డ పట్టణమున రుసుము చెల్లించి మాట నేర్చుకొనగలడు; కూలివాని బిడ్డకు ఈ బడియే దిక్కు. ఇచట నోరు మెదపనిచ్చిననే వానికి పైదేశపు ద్వారము తెఱచుకొనును.

విద్యార్థులారా! పడకుండ సైకిలు నేర్చినవాడు లేడు. మోకాలు గీచుకొన్ననాడు మీరు సైకిలును విడువలేదు గదా. మాట తడబడిన నాడును భాషను విడువకుడు.