కత్తుల పక్కనే చాపకూడు

చారిత్రక ప్రదేశం అనగానే ఎత్తైన బురుజులు, రాజమహళ్లు గుర్తొస్తాయి. పల్నాడు జిల్లా కారంపూడిలో అలాంటివేమీ కనిపించవు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి, చుట్టూ ఆవరణ... అంతే! కానీ ఎనిమిది శతాబ్దాలుగా జనం మరిచిపోని కథ ఇక్కడే ముగిసింది.

అది పన్నెండో శతాబ్దం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ అన్నదమ్ములే. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మలిదేవుడి వర్గం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. ఇక మిగిలింది యుద్ధమే. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు సహా ఎందరో కారంపూడి రణరంగంలో నేలకొరిగారు. పల్నాటి యుద్ధాన్ని ‘ఆంధ్ర కురుక్షేత్రం’ అనేది అందుకే. 1947లో ఒకసారి, 1966లో మరోసారి వెండితెరకూ ఎక్కిందీ కథ.

మామూలు రోజుల్లో వెళితే గుడి ప్రశాంతంగా ఉంటుంది. అరవై ఆరుగురు వీరనాయకుల గుర్తుగా లింగాలు ప్రతిష్ఠించారని చెబుతారు. అసలు సందడి చూడాలంటే మాత్రం కార్తీక అమావాస్యకు వెళ్లాల్సిందే. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... ఇలా అయిదు రోజులు అయిదు ఘట్టాలు! వీరుల ఆయుధాలుగా పూజించే కొణతాలను భుజాన వేసుకుని ఆచారవంతులు ఊళ్ల నుంచి తరలివస్తారు. ఇంట్లో తాతల నుంచి వచ్చిన ఆయుధాన్ని నాగులేరులో శుభ్రం చేసి గుడికి తీసుకెళ్లడం వాళ్లకు వేడుక కాదు, బాధ్యత.

అయితే ఈ ఉత్సవమంటే కత్తులే కాదు. మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. కులాల పట్టింపు లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని బ్రహ్మనాయుడికి పేరు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా పెంచి, సేనాపతిని చేశాడనీ చెబుతారు. ఒకే బావిలో నీళ్లు తోడుకోవడానికి కూడా గొడవలు పడిన సమాజంలో, అన్ని వందల ఏళ్ల క్రితమే ఒకే పంక్తిలో భోజనం! రాజ్యం కోసం జరిగిన పోరు ఏనాడో ముగిసింది. ఆ చాప మీద మొదలైన పని మాత్రం ఇంకా పూర్తికాలేదు.

ఈపూరు, వినుకొండ, నరసరావుపేట ప్రాంతాల వారు ఉదయాన్నే బయలుదేరితే కారంపూడి చూసుకుని, మాచర్లలో చంద్రవంక ఒడ్డునున్న చెన్నకేశవాలయాన్నీ దర్శించుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. బాలచంద్రుడి కత్తి గురించి వాళ్లే అడుగుతారు. చాపకూడు గురించి మాత్రం పెద్దలే చెప్పాలి.