మాట వినే మర

సూరత్‌లో ఉధ్నా రైల్వేస్టేషన్‌కు తూర్పున లింబాయత్, ఆ పక్కనే డిండోలి. మరమగ్గాల హోరులో పన్నెండు గంటల షిఫ్టు దిగి ఇల్లు చేరిన మనిషి కాళ్ళు కడుక్కుని మొదట చేసే పని ఫోన్ తీయడం. దాన్ని చెవికి ఆనించడు. నోటి దగ్గర పెట్టుకుంటాడు. మైకు బొమ్మ నొక్కి ఊళ్ళో ఉన్న తల్లికి నాలుగు ముక్కలు చెబుతాడు, వేలు తీస్తాడు, మాట వెళ్ళిపోతుంది. జవాబూ మాటగానే వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా అక్షరం ఉండదు.

లేకపోవడానికి కారణం ఉంది. సిరిసిల్ల, వరంగల్, నల్గొండ ప్రాంతాల్లో చేతిమగ్గం కూడు పెట్టక సూరత్ బండెక్కిన కుటుంబాల్లో ఎక్కువ పద్మశాలీలవే. మొదటి తరంలో చాలామందికి చదువు అబ్బలేదు. తర్వాతి తరం పిల్లలు చదువుకున్నా తెలుగు వాళ్ళ నోటికి వచ్చినంతగా కంటికి రాదు. సూరత్ నగరపాలిక ఏడు భాషల మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు ఒకటి. దేశంలో ఎన్ని నగరపాలికలు ఈ పని చేస్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ రేపటి కొలువు గుజరాతీలోనో ఇంగ్లిషులోనో ఉంటుందనుకునే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అలా ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీగా పెరిగిన కుర్రాడు తాత పేరును తెలుగులో రాయలేడు.

ఊరికి పంపే కబురులో మాటను మోసుకెళ్ళడం తప్ప యంత్రం చేసేదేమీ లేదు. అదే కుర్రాడు మరో మైకు బొమ్మ నొక్కి ‘నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌కు ఎన్నింటికొస్తది’ అని తెలుగులో అడిగినప్పుడు సంగతి వేరు. అక్కడ యంత్రం వినాలి. విన్నది అర్థం చేసుకోవాలి. గూగుల్ తన వాయిస్ సెర్చ్‌కు తెలుగు నేర్పింది 2017 ఆగస్టులో. ఆ పని సాధ్యమేనని అంతకు అర్ధశతాబ్దం ముందే పట్టుపట్టి కూర్చున్న కొద్దిమందిలో ఒకరు శ్రీకాళహస్తి దగ్గర కాటూరు రైతుబిడ్డ.

దబ్బల రాజగోపాల్ రెడ్డి అంటే పక్క ఊళ్ళో కూడా అందరికీ తెలియకపోవచ్చు. రాజ్ రెడ్డి అంటే కంప్యూటర్ చదివిన ప్రపంచానికి తెలుసు. 1937 జూన్ 13న పుట్టిన ఆయన ఇసుకలో అక్షరాలు దిద్దుకున్న తరం. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి సివిల్ ఇంజినీర్‌గా బయటికొచ్చారు. వంతెనలో, ఆనకట్టలో కట్టుకుంటూ బతకాల్సిన వ్యక్తి ఆస్ట్రేలియా వెళ్ళి, 1960లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో చేరారు. కంప్యూటర్ అనే వస్తువుతో ప్రేమ అక్కడ ముదిరింది. తర్వాత మజిలీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్. గురువు జాన్ మెకార్తీ, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనే మాటను పుట్టించిన మనిషి. 1966లో వచ్చిన డాక్టరేట్‌కు రెడ్డి ఎంచుకున్న అంశం కంప్యూటర్ చేత మాటను గుర్తుపట్టించడం.

అదెంత కష్టమో చెప్పడానికి తెలుగే మంచి ఉదాహరణ. రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. మాట్లాడేటప్పుడు వదలం. ‘రామాలయం’ అన్నప్పుడు రాముడు ఎక్కడ ఆగాడు, ఆలయం ఎక్కడ మొదలైంది? మనకు సంధి సూత్రం తెలియకపోయినా సంగతి తెలుస్తుంది. యంత్రానికి చేరేది ఎగుడుదిగుడు అల ఒక్కటే. ఒకే మాటకు ఆడగొంతులో ఒక అల, మగగొంతులో ఇంకొకటి, జలుబు చేస్తే మరొకటి. దానికి వెనుక మగ్గం చప్పుడు కూడా తోడైతే చెప్పక్కర్లేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన పేరుమోసిన ఇంజినీర్ జాన్ పియర్స్ ఈ రంగం మొత్తాన్నీ ఎద్దేవా చేస్తూ ఒక శాస్త్ర పత్రికకు లేఖ రాశారు. రెడ్డి అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వదిలి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చేరారు. పని మాత్రం మార్చలేదు.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పా అయిదేళ్ళ గడువుతో ఒక పందెం పెట్టింది. వెయ్యి మాటల పదకోశంతో, అతుకుల్లేకుండా మాట్లాడే వాక్యాలను అర్థం చేసుకునే వ్యవస్థ కావాలి. రెడ్డి బృందం ముందు ‘హియర్‌సే’ చేసింది, దానితో నోటిమాట మీద చదరంగం ఆడించింది. 1976లో ‘హార్పీ’ 1,011 మాటలతో లక్ష్యాన్ని అందుకుంది. గెలిచారు కాబట్టి నిధులు పెరిగాయనుకుంటే పొరపాటు. ఆ కార్యక్రమం అక్కడితో ముగిసిపోయింది. ప్రభుత్వాలు పిట్స్‌బర్గ్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకే తీరు.

ఇక వ్యాపారం సంగతి. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్ సహచరులతో కలిసి రెడ్డి ‘కార్నెగీ గ్రూప్’ అనే కృత్రిమ మేధ కంపెనీ పెట్టారు. నిపుణుల తెలివిని సాఫ్ట్‌వేర్‌లోకి దించి పెద్ద పరిశ్రమలకు అమ్మడం దాని పని. కొన్నాళ్ళు వెలిగి, 1998లో లాజికా అనే బ్రిటిష్ సంస్థ చేతికి వెళ్ళింది. రెడ్డి జీవితంలో అదొక పేరా మాత్రమే. ఆయన అసలు పెట్టుబడి మనుషుల మీద.

ఆ పెట్టుబడి ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 1980ల్లో రెడ్డి దగ్గర డాక్టరేట్‌కు చేరిన కై ఫూ లీ అనే యువకుడికి గురువు చూపిన దారి నచ్చలేదు. నిపుణుల సూత్రాలను కంప్యూటర్‌కు ఎక్కించాలన్నది గురువు పద్ధతి. వేలాది గొంతుల రికార్డింగులు పోసి, గణాంకాలతో యంత్రాన్నే నేర్చుకోనివ్వాలన్నది శిష్యుడి వాదన. నీతో ఏకీభవించను, అయినా వెన్నంటి ఉంటాను అని రెడ్డి అన్నట్టు లీ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అనడమే కాదు, యంత్రాలూ నిధులూ ఇచ్చారు. 1988 నాటికి లీ తయారుచేసిన ‘స్ఫింక్స్’ ఎవరి గొంతుకూ ప్రత్యేకంగా అలవాటు పడనక్కర్లేకుండా దాదాపు వెయ్యి మాటలు గుర్తుపట్టింది. శిష్యుడే నెగ్గాడు. మన యూనివర్సిటీల్లో గైడుతో విభేదించిన పరిశోధక విద్యార్థికి ఏమవుతుందో తెలిసినవాళ్ళకు ఈ కథ విలువ విడిగా చెప్పనవసరం లేదు.

ఆ దారిని లీ కన్నా ముందే తొక్కినవాళ్ళు రెడ్డి శిష్యులే, జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు. 1982లో వాళ్ళు ‘డ్రాగన్ సిస్టమ్స్’ పెట్టారు. 1997లో ‘నేచురల్లీ స్పీకింగ్’ అనే సాఫ్ట్‌వేర్‌తో, టైపు చేయకుండా చెబుతూ పోతే రాసుకునే కంప్యూటర్‌ను మామూలు జనం ముందుంచారు. వాళ్ళ కథ ముగింపు మాత్రం చేదు. 2000లో కంపెనీని బెల్జియం సంస్థ లెర్నౌట్ అండ్ హాస్పీకి సుమారు 58 కోట్ల డాలర్ల విలువైన షేర్లకు అమ్మారు. కొద్ది నెలల్లోనే ఆ సంస్థ లెక్కల మోసం బయటపడి షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. సాంకేతికత మాత్రం బతికింది. చేతులు మారి ‘న్యుయాన్స్’ అయింది, దాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో దాదాపు 2,000 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అదే మైక్రోసాఫ్ట్‌లో స్పీచ్ విభాగాన్ని నిలబెట్టిన షూడాంగ్ హువాంగ్ కూడా పిట్స్‌బర్గ్‌లో రెడ్డి బృందంలో పనిచేసి వెళ్ళినవారే.

రెడ్డి సొంత ఖాతాలో పడింది డబ్బు కాదు, సంస్థలు. 1979లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ సొమ్ముతో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైతే 1991 దాకా ఆయనే డైరెక్టర్. ఆపైన 1999 దాకా కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ లాంటి ఆ బహుమతి ఆసియా మూలాలున్న వ్యక్తికి దక్కడం అదే మొదలు. 2001లో పద్మభూషణ్ వచ్చింది.

ఇన్ని కిరీటాల మధ్య ఆయన ఒక ప్రశ్నను మాత్రం వదల్లేదు. చదువురాని మనిషికి కంప్యూటర్ ఎందుకు? ఈ ప్రశ్న వేసినవాళ్ళు చాలామందే. జవాబుగా వస్తువు చేసి చూపడానికి పూనుకున్నవాళ్ళు తక్కువ. 1980ల్లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ ప్రభుత్వం పారిస్‌లో పేద దేశాలకు కంప్యూటర్లు చేర్చే ప్రపంచ కేంద్రాన్ని పెడితే రెడ్డి దానికి ముఖ్య శాస్త్రవేత్త అయ్యారు. సెనెగల్ పిల్లల ముందు కంప్యూటర్లు పెట్టారు. 1984లో లీజియన్ ఆఫ్ ఆనర్ దక్కింది, 1986లో కేంద్రం మూతపడింది. 2004లో ‘పీసీటీవీటీ’ అన్నారు. టీవీ, ఫోన్, కంప్యూటర్, డీవీడీ ప్లేయర్ అన్నీ ఒకే పెట్టెలో. ధర 250 డాలర్లు. బొమ్మలు చూసి టీవీ రిమోట్‌తో నడుపుకోవచ్చు, ఉత్తరం రాయక్కర్లేకుండా కెమెరా ముందు మాట్లాడి పంపవచ్చు. భారతదేశపు పల్లెలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ పెట్టె పల్లెలకు చేరనేలేదు. పదేళ్ళు తిరక్కుండానే అదే ఆలోచన ఫోన్ రూపంలో ప్రతి జేబులోకీ వచ్చింది. తెచ్చింది రెడ్డి కాదు. డిండోలి మరమగ్గం కార్మికుడు రాత్రి పూట తల్లికి కబురు చెప్పేది మాత్రం ఆయన ఊహించిన పద్ధతిలోనే.

పుస్తకాల విషయంలోనూ అంతే. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా ఇస్తామంటూ భారత్, చైనా, ఈజిప్టు సంస్థలను కలుపుకుని మొదలుపెట్టిన పథకం 2007 నాటికి 15 లక్షలు దాటింది. దొరకవనుకున్న పాత తెలుగు పుస్తకాలు వేలల్లో బయటపడ్డాయి. పేజీలు మాయమైనవీ, పేర్లు గుర్తుపట్టలేనంతగా తప్పులు రాసినవీ వాటిలో ఎన్నో. విసుక్కుంటూనే తెలుగు పాఠకులు వాటిని దించుకున్నారు.

సొంత రాష్ట్రానికి ఆయన చేసిన పనుల్లో నిలిచింది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ. 1998లో ప్రారంభమైనప్పటి నుంచీ చాలా ఏళ్ళు పాలకమండలికి పెద్దదిక్కుగా ఉన్నది ఆయనే. ఇంజినీరింగ్ కాలేజీ అంటే ఉద్యోగాల మిల్లు అనుకుంటున్న రోజుల్లో అక్కడ భాషల మీద, అందులోనూ తెలుగు మీద పరిశోధనకు చోటు దొరికింది. రెండోది మరీ పెద్ద సాహసం. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టింది. తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలను నేరుగా తీసుకోవడం, ఆరేళ్ళ చదువు, చేతికో ల్యాప్‌టాప్, తెర మీద పాఠాలు. మొదటి ఏడాది ఒక్కో ప్రాంగణానికి సుమారు 2,000 మంది. కాటూరు లాంటి ఊళ్ళ నుంచి వేలమంది ఇంజినీర్లయిన మాట వాస్తవం. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు తగినంతమంది అధ్యాపకులు లేరని, తిండి బాగాలేదని ఎండావానల్లో రోజుల తరబడి బైఠాయించిన మాటా అంతే వాస్తవం. అప్పటికి పగ్గాలు రెడ్డి చేతిలో లేవు. అయినా తెర ఉంటే టీచర్లు కొంత తక్కువైనా గడుస్తుందన్న నమ్మకం ఈ కట్టడం పునాదిలోనే ఉంది. దాన్ని పాలకులు తమకు అనుకూలంగా వాడుకున్నారు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇటీవలి సంవత్సరాల్లో తలకెత్తుకున్న పనుల్లో ఒకటి తెలుగు గొంతుల సేకరణ. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మనుషుల మాటలను సుమారు 2,000 గంటల మేర రికార్డు చేయించి, యంత్రాలకు పాఠంగా సిద్ధం చేశారు. మూడు ప్రాంతాల యాసలూ ఉండాలని పట్టుబట్టడం మెచ్చుకోదగిన సంగతి. పుస్తకాల తెలుగు మాత్రమే విన్న యంత్రం సిరిసిల్ల మాట వింటే బిక్కమొహం వేస్తుంది.

ఆ మూడింటిలో సూరత్ లేదు. డిండోలి తెలుగుకు అడుగు కరీంనగర్‌ది, పైపూత గుజరాతీది. యజమాని శేఠ్. జీతం పగార్. మరమగ్గాల షెడ్డుకు వాళ్ళ మాట ‘ఖాతా’. ‘ఖాతాల పని బందయింది, పగార్ ఎప్పుడొస్తదో’ అని అక్కడి మనిషి అంటే పక్కనున్నవాడికి గుండె జారుతుంది. ఫోన్‌కు ఖాతా అంటే బ్యాంకు ఖాతా.