చెక్క ఓడల సంచిక

కిట్‌లో వచ్చే చెక్క ఓడ కూడా అసలు ఓడ కట్టిన వరసలోనే రూపు దిద్దుకుంటుంది. ముందు వెన్ను దూలం, దానికి అడ్డంగా చట్రాలు, వాటి మీద పలచని చెక్క బద్దలు. కొలతలు మాత్రం తగ్గుతాయి: 1765లో ఇంగ్లండ్‌లోని చాతమ్‌లో జలప్రవేశం చేసిన ‘విక్టరీ’ యుద్ధనౌక ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు. 1:72 నమూనాలో అది సుమారు 79 సెంటీమీటర్లు.

అసలు పరీక్ష ఓడ ముక్కు దగ్గర. బద్దను నీళ్లలో నానబెట్టి, వేడి చూపించి, మెల్లగా వంచాలి. చివర సన్నగా చెక్కకపోతే బద్దలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి; తొందరపడితే విరుగుతాయి.

చూడడమే తప్ప చేయడం తగ్గిపోతున్న ఈ రోజుల్లో చేతులు నేర్పే చదువు చాలా అవసరం. ఈ సంచిక రచనలన్నింటినీ కలిపే దారం అదే. పాఠకులు తాము కట్టిన నమూనాల ఫొటోలు పంపితే సంతోషంగా ప్రచురిస్తాం.