మందుబిళ్లా... మందుగుండా?

జనం కిటకిటలాడే బస్టాండు. బెంచీ కింద ఎవరిదో తెలియని బ్యాగు. అందులో ఏముందో చూడాలంటే ఎవరో ఒకరు దగ్గరికెళ్లాలి. పోలీసు జాగిలమైనా వాసన చూడ్డానికి పక్కకే వెళ్లాలి. 2007లో లుంబినీ పార్కు, గోకుల్‌చాట్‌, 2013లో దిల్‌సుఖ్‌నగర్‌ పేలుళ్లు చూసిన హైదరాబాద్‌కి ఆ భయం కొత్త కాదు.

దూరం నుంచే పసిగట్టలేమా? లేజర్‌తో వీలుంటుందంటారు శాస్త్రవేత్తలు. పేలుడు పదార్థాన్ని పట్టుకున్న చేతులు జిప్పునో, హ్యాండిల్‌నో తాకితే కంటికి కనపడనంత పొడి అక్కడ అంటుకుంటుంది. దానిమీద లేజర్‌ మెరుపు పడగానే ఆ కాస్తా ఆవిరై, పదివేల డిగ్రీలకు పైబడిన వేడితో నిప్పురవ్వలా వెలుగుతుంది. దీపావళి మతాబుల్లో స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ ఇచ్చినట్టే ఆ వెలుగులో ఒక్కో మూలకానిదీ ఒక్కో రంగు. ఈ పద్ధతి పేరు లిబ్స్‌. 2023లో చంద్రయాన్‌-3 రోవర్‌ ప్రజ్ఞాన్‌ జాబిల్లి మట్టిలో గంధకాన్ని గుర్తించింది దీంతోనే.

మట్టి సంగతి సరే, బాంబు దగ్గరే అసలు తిప్పలు. ఆర్డీఎక్స్‌లో ఉండేవి కార్బన్‌, హైడ్రోజన్‌, నైట్రోజన్‌, ఆక్సిజన్‌. మన జ్వరం మాత్ర పారాసెటమాల్‌లోనూ అచ్చంగా ఆ నాలుగే! కాబట్టి ఏమున్నాయని కాదు, ఏది ఎంతుందని లెక్కగట్టాలి. ఆర్డీఎక్స్‌ అణువులో మూడు కార్బన్లకు ఆరు నైట్రోజన్‌ పరమాణువులుంటే, పారాసెటమాల్‌లో ఎనిమిది కార్బన్లకు ఒక్కటే. తేలికే అనిపిస్తుంది. కానీ చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. అదీ ఆ రవ్వలో చేరి లెక్క తారుమారు చేస్తుంది. బ్యాగు రంగూ, ప్లాస్టిక్కూ తమ వంతు కలుపుతాయి. అందుకని వెంటవెంటనే రెండు మెరుపులు వదులుతారు. మొదటిది గాలిని పక్కకి నెడితే, రెండోది వెలుగును పెంచుతుంది.

రెండో దారి మన సి.వి.రామన్‌ 1928లో చూపించిందే. పరమాణువుల్ని విడగొట్టకుండా అణువు కంపనాల్నే చదువుతుంది కాబట్టి మాత్రకీ ఆర్డీఎక్స్‌కీ తేడా తెలిసిపోతుంది. కాకపోతే ఆ సంకేతం మహా బలహీనం. బంగారు, వెండి నానో కణాలమీద నమూనా వేస్తే ఎన్నో రెట్లు పెరుగుతుందిగానీ, అలా వేయడానికి మళ్లీ మనిషి దగ్గరికెళ్లాలి! డీఆర్‌డీవో అండతో హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో ఏర్పాటైన పరిశోధన కేంద్రం ఈ రెండు దారుల్లోనూ ప్రయోగాలు చేసింది.

ఇంకో మాట. మరక పైనుంటేనే ఈ విద్యలన్నీ. బ్యాగు లోపల ఏముందో లేజర్‌కి కనపడదు. పైగా ఆ మెరుపు కంట్లో పడితే చూపు పోవచ్చు. అందుకే బెంచీ దగ్గరి జనాన్ని ముందు ఖాళీ చేయించాల్సిందే.