కారున్న లక్ష్మమ్మ, కార్డు పోయిన లక్ష్మమ్మ

డేటా బతుకుల్ని మారుస్తోందంటే మనకు ఫోన్లో వెంటపడే ప్రకటనలే గుర్తొస్తాయి. అంతకంటే పెద్ద మార్పు రేషన్ షాపు దగ్గర జరిగింది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని తేలుస్తుంది. మన పేర్లకు ఒక స్పెల్లింగ్ ఉంటే కదా! ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, మరో దాంట్లో పొడి అక్షరమై మిగులుతుంది, ఇంకో దాంట్లో ఉండనే ఉండదు. ఊరికి అరడజను లక్ష్మమ్మలు. కారుంటే రేషన్ కార్డుకు అనర్హులే కాబట్టి, ఒక లక్ష్మమ్మ కారు ఇంకో లక్ష్మమ్మ ఖాతాలో పడితే ఆమెకు బియ్యం ఆగిపోతాయి. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. బోగస్ కార్డులు లేవా అంటే, ఉన్నాయి. వాటిని పట్టడానికి కంప్యూటర్ పనికొస్తుంది కూడా. ఏ ఊళ్లోనైనా సరుకులు తీసుకునే వెసులుబాటు వలస కూలీలకు దక్కింది కూడా డేటా వల్లే. పేచీ అనుమానించడంతో కాదు, అనుమానాన్నే తీర్పుగా చలామణీ చేయడంతో. తప్పు యంత్రానిదైనా, కాదని రుజువు చేసుకునే భారం కూలి మానుకుని మండలాఫీసు చుట్టూ తిరిగే మనిషిదే. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా సబ్సిడీల విషయంలో సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకునే వీలు ప్రభుత్వానికిచ్చింది. కాబట్టి కనీసం క్రమమైనా మారాలి: ముందు నోటీసు, తర్వాత ఇంటికొచ్చి విచారణ, ఆ తర్వాతే రద్దు. ఖర్చవుతుందంటారా? ఆ ఖర్చు ఇప్పుడూ అవుతోంది, లక్ష్మమ్మ జేబులోంచి.